లెక్కపెట్టని ఓటమి

2023 నవంబర్‌లో ఖైరతాబాద్ బస్తీల్లో కాంగ్రెస్ అభ్యర్థి పి. విజయారెడ్డి కోసం ఇంటింటికీ తిరిగిన కార్యకర్త, ఎదుటి అభ్యర్థి దానం నాగేందర్‌ను పొగిడి ఉండడు. అనాల్సినవన్నీ అనే ఉంటాడు. బీఆర్‌ఎస్ టికెట్ మీద దానం 22 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2024 మార్చి 17న, ఆయన కాంగ్రెస్ కండువా కప్పుకున్నారు. సికింద్రాబాద్ లోక్‌సభ టికెట్ కూడా ఆ వారంలోనే ఆయన పేరిట ఖరారైంది. నవంబర్‌లో ఎవరిని ఓడించమని గడప గడపకూ వెళ్లాడో, ఏప్రిల్‌లో ఆయన్నే గెలిపించమని ఆ కార్యకర్త అవే గడపలు ఎక్కాలి.

అసలు విజయారెడ్డి పుట్టింట్లోనే రెండు జెండాలు. పీజేఆర్‌గా జంటనగరాల్లో ఇప్పటికీ పేరున్న పి. జనార్దన్‌రెడ్డి కూతురు విజయారెడ్డి. ఆమె తమ్ముడు, మాజీ ఎమ్మెల్యే విష్ణువర్ధన్‌రెడ్డి 2023లో జూబ్లీహిల్స్ కాంగ్రెస్ టికెట్ ఆశించారు. పార్టీ అజారుద్దీన్‌కు ఇచ్చింది. విష్ణు అనుచరులు గాంధీభవన్ దగ్గర నిరసనకు దిగారు, ఆయన బీఆర్‌ఎస్‌లో చేరిపోయారు, అజారుద్దీన్ ఓడిపోయారు. అక్క చేతి గుర్తు మీద, తమ్ముడు కారు పార్టీలో. మధ్యలో, పీజేఆర్ ఫొటో జేబులో పెట్టుకు తిరిగే పాత కార్యకర్తలు.

పార్టీలో అంతర్గత పోటీ ముగిశాక చీలిక ఎలా మానుతుంది, ఎందుకు మానదు అన్న ప్రశ్నకు ప్రపంచంలో చాలా చర్చ ఉంది. అందులో ఎక్కువ భాగం అమెరికా ప్రైమరీల చుట్టూ తిరుగుతుంది. మనకు ప్రైమరీలు లేవు, టికెట్లున్నాయి. టికెట్ పోరు ప్రైమరీ చేసే పనే చేస్తుంది, కాని ఓట్లు లెక్కపెట్టదు. మన పార్టీల్లో అలకలూ తిరుగుబాట్లూ ఇంత తరచుగా రావడానికీ, బుజ్జగింపు అనే పని ఒక వృత్తిలా మారడానికీ నాకు కనిపించే మొదటి కారణం అదే. ఓడినవాడికి తాను ఎన్ని ఓట్లతో ఓడాడో తెలియదు. తెలియని ఓటమిని ఒప్పుకోవడం మనిషికి చాతకాదు.

2023 ఆగస్టు 18 నుంచి 25 దాకా గాంధీభవన్‌లో కాంగ్రెస్ దరఖాస్తులు తీసుకుంది. రుసుము 50 వేలు, ఎస్సీ, ఎస్టీలకు 25 వేలు. 119 స్థానాలకు వెయ్యికి పైగా దరఖాస్తులు వచ్చాయి. ఆ తర్వాత రాష్ట్ర ఎన్నికల కమిటీ, స్క్రీనింగ్ కమిటీ, ఢిల్లీలో కేంద్ర ఎన్నికల కమిటీ, వీటన్నిటి వెనక సర్వేలు. అక్టోబర్ 15న 55 పేర్లతో తొలి జాబితా, నవంబర్ 9 రాత్రికి ఆఖరిది. నామినేషన్ల గడువు నవంబర్ 10. పోలింగ్ 30న. దరఖాస్తు పెట్టిన నాటి నుంచి జాబితా వచ్చే దాకా ఆశావహుడికి దొరికే సమాధానం ఒక్కటే: సర్వేలో మీ పేరు రాలేదన్నా. ఏ సర్వే, ఎవరు చేశారు, ఎన్ని మార్కులు తక్కువయ్యాయి అని అడిగే చోటు లేదు. బీఆర్‌ఎస్‌లో ఆ మాత్రం వరస కూడా ఉండదు. 2023 ఆగస్టు 21న కేసీఆర్ ఒకే విడతలో 115 పేర్లు చదివేశారు. స్టేషన్ ఘన్‌పూర్‌లో టికెట్ పోయిన రాజయ్య అంబేడ్కర్ విగ్రహం ముందు కన్నీళ్లు పెట్టుకోవడం రాష్ట్రమంతా టీవీల్లో చూసింది. ఎన్నికలకు ముందే ఆయనకు రైతుబంధు సమితి, జనగామలో టికెట్ పోగొట్టుకున్న ముత్తిరెడ్డికి ఆర్టీసీ చైర్మన్ పదవి దక్కాయి.

ఈ నామినేటెడ్ పోస్టే మన దగ్గర ఐక్యతకు చెల్లించే ధర. ధర చెల్లించడం తప్పని అనను, ఎక్కడైనా ఉన్నదే. చిక్కేమిటంటే అది నాయకుడి దగ్గరే ఆగిపోతుంది. ఆయన వెంట నడిచిన వందమందికి ఏమీ అందదు.

సికింద్రాబాద్ లోక్‌సభ స్థానాన్నే చూడండి. ఒకే సీటులో రెండు పార్టీలు రెండు పద్ధతులు చూపించాయి. బండారు దత్తాత్రేయ ఇక్కడ 1991, 1998, 1999, 2014 ఎన్నికల్లో బీజేపీ తరఫున గెలిచారు. 2019లో సిట్టింగ్ ఎంపీగా ఉండగానే పార్టీ ఆయన్ను పక్కనపెట్టి కిషన్‌రెడ్డికి టికెట్ ఇచ్చింది. కిషన్‌రెడ్డి అప్పటికి నాలుగు నెలల కిందటే అంబర్‌పేటలో 1,016 ఓట్ల తేడాతో ఓడిపోయి ఉన్నారు. ఓడినవాణ్ని తెచ్చి గెలిచినవాడి సీట్లో కూర్చోబెట్టడమంటే మరో పార్టీలో అయితే ఫ్లెక్సీలు చిరిగేవి. ఇక్కడ బయటికి ఒక్క మాట రాలేదు. కిషన్‌రెడ్డి 62,114 ఓట్లతో గెలిచి కేంద్రమంత్రి అయ్యారు. దత్తాత్రేయ ఆ సెప్టెంబర్‌లో హిమాచల్ గవర్నరుగా, తర్వాత హర్యానాకు వెళ్లారు. ఏటా దసరా తర్వాత ఆయన పెట్టే అలయ్ బలయ్‌కు అన్ని పార్టీలవాళ్లూ వచ్చి పచ్చిపులుసు రుచి చూస్తారు. అలగడం ఆయన స్వభావంలో లేదనుకోవచ్చు. అయితే క్రమశిక్షణ అని మనం పిలిచేదానిలో సగం, ఎదురుచూస్తే పార్టీ మరిచిపోదన్న నమ్మకమే.

కాంగ్రెస్ వైపు అంజన్‌కుమార్ యాదవ్. 2004లోనూ 2009లోనూ సికింద్రాబాద్ ఎంపీ. 2014లో దత్తాత్రేయ చేతిలో ఓటమి, 2019లో మూడో స్థానం, 2023లో ముషీరాబాద్ అసెంబ్లీకి నిలబడితే అక్కడా ఓటమి. 2024లో లోక్‌సభ టికెట్ దానానికి వెళ్లింది. అంతకు నెల ముందే అంజన్ కొడుకు అనిల్‌కుమార్ యాదవ్ రాజ్యసభకు ఎన్నికయ్యారు. ఇంటికి ఒక పదవి వచ్చింది కదా అని పార్టీ లెక్క. ఆయన లెక్క వేరు. 2025 అక్టోబర్‌లో జూబ్లీహిల్స్ ఉపఎన్నిక టికెట్ నవీన్ యాదవ్‌కు ఇచ్చినప్పుడు అంజన్ తన అసంతృప్తిని దాచుకోలేదు. పెద్దలు ఇంటికి వెళ్లి బుజ్జగించారు. నవీన్ యాదవ్ 24,729 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. గెలిచిన చోట అలకల సంగతి ఎవరూ మళ్లీ ఎత్తరు.

2024 మేలో మాత్రం సికింద్రాబాద్‌లో కిషన్‌రెడ్డి 49,944 ఓట్లతో దానాన్ని ఓడించారు. పాత కార్యకర్త మనసు పెట్టి పనిచేయకపోవడమే కారణమని కొందరంటారు. నాకు అంత తేలిగ్గా అనిపించదు. ఆరు నెలల ముందు ఈ లోక్‌సభ పరిధిలోని ఏడు అసెంబ్లీ సీట్లలో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు, ఆరు బీఆర్‌ఎస్‌కు, నాంపల్లి మజ్లిస్‌కు పోయాయి. ఒక్క సీటూ లేని చోట 4 లక్షల 23 వేల ఓట్లు రావడం చిన్న విషయం కాదు. వలస వచ్చినవాడు ఓట్లు తెస్తాడన్న అధిష్ఠానం వాదనకు ఇందులో కొంత బలం ఉంది, ఒప్పుకోవాలి. ఆ ఓట్లు చాలలేదు, అంతే. కాని సొంత పార్టీ మనిషిని ఓడించినవాడికే పార్టీ జెండా అప్పగించడంలో ఉన్న అవమానం గెలుపోటముల లెక్కలో ఎక్కడా కనిపించదు. పైగా దానం బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేగా ఉంటూనే కాంగ్రెస్ అభ్యర్థి అయ్యారు. పార్టీ మారిన పదిమంది ఎమ్మెల్యేల అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చమని సుప్రీంకోర్టు 2025 జూలై 31న స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం గెలిచినవాణ్ని ఆపడానికి పుట్టింది. గెలిచినవాణ్నే ఆపలేనిది, టికెట్ రానివాణ్ని ఏం ఆపుతుంది?

కంటోన్మెంట్ కథ ఇంకా బిగుతుగా ఉంటుంది. పేరుకు సికింద్రాబాదే అయినా ఈ అసెంబ్లీ సీటు మల్కాజిగిరి లోక్‌సభ కిందికి వస్తుంది, ఎస్సీ రిజర్వుడు. 2018లో కాంగ్రెస్ టికెట్ మాజీ కేంద్రమంత్రి సర్వే సత్యనారాయణకు దక్కింది. అదే సీటు ఆశించిన ఆయన అల్లుడు, ఉస్మానియా విద్యార్థి ఉద్యమం నుంచి వచ్చిన మన్నె క్రిశాంక్, టీఆర్‌ఎస్‌లోకి వెళ్లిపోయారు. సర్వే ఓడారు. 2019 జనవరిలో ఓటమిపై సమీక్ష సమావేశంలో గొడవ ముదిరి పార్టీ ఆయన్ను సస్పెండ్ చేసింది. అల్లుడికి అటువైపు ఖనిజాభివృద్ధి సంస్థ చైర్మన్ పదవి వచ్చింది గాని, టికెట్ టీఆర్‌ఎస్ ఎమ్మెల్యే సాయన్నకూ ఆయన కుటుంబానికే ఉండిపోయింది.

2023లో సాయన్న మరణించాక ఆయన కూతురు లాస్య నందిత గెలిచారు. బీజేపీ అభ్యర్థి శ్రీగణేష్ రెండో స్థానం, గద్దర్ కూతురు వెన్నెల కాంగ్రెస్ నుంచి మూడో స్థానం. 2024 ఫిబ్రవరి 23న లాస్య ఔటర్ రింగ్‌రోడ్డుపై ప్రమాదంలో చనిపోయారు. ఉపఎన్నికకు కాంగ్రెస్ అభ్యర్థి ఎవరు? బీజేపీ నుంచి వచ్చిన శ్రీగణేష్. మే నెల ఓటింగ్‌లో ఆయన 13,206 ఆధిక్యంతో గెలిచారు. పికెట్‌లోనో బోయిన్‌పల్లిలోనో వెన్నెల పోస్టరు అతికించిన చెయ్యే ఆరు నెలల్లో శ్రీగణేష్ పోస్టరు అతికించింది. ఇటు శ్రీగణేష్ కోసం కమలం జెండా మోసినవాడు ఆయనకు వ్యతిరేకంగా ఓటు అడగాల్సి వచ్చింది. వెన్నెలకు ఆ నవంబర్‌లో తెలంగాణ సాంస్కృతిక సారథి చైర్‌పర్సన్ పదవి ఇచ్చారు. అది కూడా బుజ్జగింపు పదవుల వరసలోదే.

కంటోన్మెంట్‌లో టికెట్ కోసం ఇంత ఒత్తిడి ఎందుకో ఎవరూ పెద్దగా మాట్లాడరు. కంటోన్మెంట్ బోర్డుకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. 2023 ఏప్రిల్ 30కి పోలింగ్ అని ప్రకటించి, ఆ ప్రకటనను మళ్లీ వెనక్కి తీసుకున్నారు. ఎనిమిది వార్డుల్లో చిన్న నాయకుడు ఎదిగే మెట్టు లేనే లేదు. వార్డు సభ్యుడిగా గెలిచి, ప్రజల్లో పేరు తెచ్చుకుని, తన బలం ఎంతో చూపించుకునే దారి మూసుకుపోయాక, మిగిలింది ఎమ్మెల్యే టికెట్ ఒక్కటే. అప్పుడు ఎవడైనా దానికే ఎగబడతాడు, లేకపోతే టికెట్ ఇప్పించగలవాడి చుట్టూ తిరుగుతాడు.

తిరగబడ్డవాళ్ల లెక్కలు మాత్రం పబ్లిగ్గా ఉంటాయి, ఎందుకంటే వాళ్లు పోటీ చేస్తారు కనుక. 2018లో పొత్తులో ఇబ్రహీంపట్నం టీడీపీకి పోతే, కాంగ్రెస్ ఆశావహుడు మల్‌రెడ్డి రంగారెడ్డి బీఎస్పీ ఏనుగు గుర్తుతో దిగి 376 ఓట్లతో ఓడారు. ఐదేళ్ల తర్వాత అదే కాంగ్రెస్ ఆయనకు టికెట్ ఇచ్చింది, ఘనంగా గెలిచారు. పటాన్‌చెరులో 2023 నవంబర్ 6 జాబితాలో నీలం మధు పేరు వచ్చింది, 9వ తేదీకి కాట శ్రీనివాస్‌గౌడ్ అయింది. బీ ఫారం అనేది సిరాతో చేసిన సంతకం ఉన్న ఒక కాగితం. నామినేషన్ల చివరి రోజు మధ్యాహ్నం మూడు గంటల్లోపు రిటర్నింగ్ అధికారికి చేరాలి. ఎవరి చేతిలో ఆ కాగితం ఉంటే అతనే పార్టీ. మధు బీఎస్పీకి వెళ్లి 46 వేల ఓట్లు తెచ్చుకున్నారు. బీఆర్‌ఎస్ అభ్యర్థి మహిపాల్‌రెడ్డి గెలిచింది ఏడు వేల ఓట్ల తేడాతో. పార్టీని ఓడించిన మధుకు మరుసటి ఏడు కాంగ్రెస్ మెదక్ లోక్‌సభ టికెట్ ఇచ్చింది. మహిపాల్‌రెడ్డినీ 2024 జూలైలో పార్టీలో చేర్చుకుంది. కాట అనుచరులు ఊరుకుంటారా? 2025 జనవరిలో పటాన్‌చెరు కాంగ్రెస్ కార్యకర్తలు ఆ ఎమ్మెల్యే క్యాంపు కార్యాలయం మీదికే దూసుకెళ్లారు. చెప్పిన మాట విని ఆగినవాడికంటే తిరగబడ్డవాడికి ముందు టికెట్ వస్తుందని పార్టీయే నేర్పాక, క్రమశిక్షణ కమిటీ ఎందుకు?

ఆగినవాడి సంగతి సూర్యాపేటలో చూడొచ్చు. పటేల్ రమేష్‌రెడ్డి ఫార్వర్డ్ బ్లాక్ తరఫున నామినేషన్ వేసి, ఎంపీ టికెట్ ఇస్తామన్న హామీ మీద ఉపసంహరించుకున్నారు. అసెంబ్లీ సీటులో కాంగ్రెస్ ఎలాగూ ఓడింది, నల్లగొండ ఎంపీ టికెట్ రఘువీర్‌రెడ్డికి వెళ్లింది, రమేష్‌రెడ్డికి పర్యాటక సంస్థ చైర్మన్ గిరీ మిగిలింది.

ఫార్వర్డ్ బ్లాక్ అంటే ఒక పక్క మాట చెప్పాలి. తెలంగాణలో అలిగినవాళ్లందరికీ అది అద్దె ఇల్లయింది. 2018లో టీఆర్‌ఎస్ టికెట్ రాని కోరుకంటి చందర్ రామగుండంలో ఆ పార్టీ సింహం గుర్తుపైనే గెలిచి, మళ్లీ సొంత గూటికి చేరారు. 2020 మున్సిపల్ ఎన్నికల్లో కొల్లాపూర్‌లో జూపల్లి వర్గం నిలబడిందీ ఆ గుర్తు మీదే. అసలు ఆ పార్టీ పుట్టిందే కాంగ్రెస్ అంతర్గత ఎన్నిక నుంచి. 1939 జనవరిలో అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోస్ మీద పోటీ చేసింది మన మచిలీపట్నం పట్టాభి సీతారామయ్య. దాదాపు రెండు వందల ఓట్ల తేడాతో పట్టాభి ఓడారు. ఆ ఓటమి తనదేనన్నారు గాంధీజీ. వర్కింగ్ కమిటీ సహకరించలేదు, ఏప్రిల్‌లో బోస్ రాజీనామా చేశారు, మేలో ఫార్వర్డ్ బ్లాక్ పెట్టారు.

ఇక్కడ నా వాదనకే అడ్డం వస్తుంది చరిత్ర. ఓట్లు లెక్కపెట్టారు, అయినా చీలింది. నిజమే. బోస్, పట్టాభి పోటీ నేర్పేదేమిటంటే లెక్క ఒక్కటే చాలదు, ఓడిన పక్షం దానికి కట్టుబడాలి, ఆ పక్షం ఎంత పెద్దదైనా సరే. ముప్పై ఏళ్ల తర్వాత ఇద్దరు తెలుగువాళ్ల మధ్య అదే జరిగింది. 1969లో కాంగ్రెస్ రాష్ట్రపతి అభ్యర్థిగా నీలం సంజీవరెడ్డిని నిర్ణయిస్తే, అంతరాత్మ ప్రబోధం పేరుతో వి.వి. గిరిని గెలిపించారు. ఆ ఏడాదే పార్టీ రెండైంది.

ఇటీవలి ప్రయత్నాలూ అంతంతమాత్రమే. 2014లో రాహుల్ గాంధీ పదిహేను పైచిలుకు లోక్‌సభ స్థానాల్లో పార్టీ పదాధికారుల ఓటింగ్‌తో అభ్యర్థుల్ని ఎంపిక చేయించారు. తెలుగు నేల మీద ఒక్కచోటా పెట్టలేదు. వడోదరలో అలా గెలిచిన నరేంద్ర రావత్, మోదీ పోటీకి దిగగానే మధుసూదన్ మిస్త్రీ కోసం తప్పుకోవాల్సి వచ్చింది. బెంగళూరు నార్త్‌లో నారాయణస్వామి, మంగళూరులో జనార్దన పూజారి అంతర్గత పోటీలో నెగ్గి అసలు పోటీలో ఓడారు. ఆ ఏడాది గాలికి ఎవరున్నా ఓడేవారే కనుక ఆ పద్ధతే పనికిరాదని తీర్పు చెప్పడం అన్యాయం. కాని ప్రయోగం అక్కడితో అటకెక్కింది. బీజేపీలో 2025 జూన్ 30న రాష్ట్ర అధ్యక్ష పదవికి నామినేషన్లు పిలిచారు. పదిమంది రాష్ట్ర కౌన్సిల్ సభ్యుల మద్దతు కావాలి. గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్, తనకు సంతకాలు పెట్టేవాళ్లను బెదిరించారని ఆరోపించి ఆ రోజే పార్టీకి రాజీనామా ఇచ్చారు. రామచందర్‌రావు ఏకగ్రీవమయ్యారు. రాజాసింగ్ రాజకీయాలతో నాకు ఏకీభావం లేదు. అయినా ఓటింగ్ జరిగి ఆయన ఓడి ఉంటే, వెళ్లిపోవడానికి ఆ కారణం దొరికేది కాదు.

అమెరికాలో ఓట్లు లెక్కపెడతారు, ఓడినవాడు అదే ఎన్నికలో స్వతంత్రుడిగా దిగకుండా చాలా రాష్ట్రాల్లో చట్టాలూ ఉన్నాయి. అక్కడా గాయాలు తప్పవు. 2008లో ఒబామా, హిల్లరీ క్లింటన్ హోరాహోరీ పోరు ముగిశాక ఇద్దరూ కలిసి తొలి సభ పెట్టింది న్యూ హాంప్‌షైర్‌లో యూనిటీ అనే ఊళ్లో. ఆ ఊరి ప్రైమరీలో ఇద్దరికీ సరిగ్గా 107 ఓట్ల చొప్పున వచ్చాయి. గెలిచాక ఒబామా ఆమెకు విదేశాంగ మంత్రి పదవి ఇచ్చారు, అక్కడి నామినేటెడ్ పోస్టు కాస్త పెద్దది. 2016లో శాండర్స్‌కు ప్రైమరీలో ఓటేసినవారిలో దాదాపు 12 శాతం నవంబర్‌లో ట్రంప్‌కు వేశారని తర్వాత సర్వేలు తేల్చాయి. అయితే వాళ్లకు జూన్ నుంచి నవంబర్ దాకా టైముంది కోపం చల్లారడానికి. మనకు నవంబర్ 9 నుంచి 30 దాకా.

మరి 2023లో కాంగ్రెస్ ఎలా గెలిచింది? 2021 జూన్‌లో రేవంత్‌రెడ్డిని పీసీసీ అధ్యక్షుణ్ని చేయగానే, ఇక గాంధీభవన్ మెట్లెక్కనన్నారు కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి. తమ్ముడు రాజగోపాల్‌రెడ్డి బీజేపీకి వెళ్లి మునుగోడు ఉపఎన్నిక తెచ్చిపెట్టారు. 2022 డిసెంబర్‌లో అసలు కాంగ్రెస్, వలస కాంగ్రెస్ గొడవ ముదిరి టీడీపీ నుంచి వచ్చిన వర్గం పదమూడు మంది పదవులకు రాజీనామా చేస్తే దిగ్విజయ్ సింగ్ వచ్చి సర్దాల్సి వచ్చింది. ఏడాది తిరిగేసరికి 64 సీట్లు. వెంకట్‌రెడ్డి మంత్రి, రాజగోపాల్‌రెడ్డి వెనక్కి వచ్చి ఎమ్మెల్యే. మధ్యలో జరిగిన సిద్ధాంత సమన్వయం ఏదీ లేదు. కర్ణాటక గెలుపుతో అధికారం వాసన తగిలింది, అందరూ వరసలో నిలబడ్డారు. అలా వచ్చిన ఐక్యత అప్పుగా వచ్చింది. మంత్రి పదవి ఇస్తామన్న మాట ఏమైందని రాజగోపాల్‌రెడ్డి 2025లో బాహాటంగానే అడిగారు.

అడగగలిగింది నాయకుడు గనుక. అడ్డగుట్టలోనో మెట్టుగూడలోనో పోలింగ్ రోజు పొద్దున ఐదున్నరకే మాక్‌పోల్‌కు హాజరయ్యే బూత్ ఏజెంటుకు అప్పు తీర్చేవాడు లేడు. అతనికి ఎదుటి పార్టీ ఏజెంటు పక్కింటివాడే. నాయకుడు పార్టీ మారిన రోజు అతను ఎవరితో పోట్లాడాడో వాళ్లతో కలిసి కూర్చోవాలి, ఎవరితో కలిసి తిన్నాడో వాళ్లను దొంగలనాలి. పెట్టించుకున్న కేసులు అతని పేరు మీదే ఉంటాయి. పైన ఇద్దరు పెద్దలు కండువాలు మార్చుకుని నవ్వుతూ ఫొటో దిగుతారు. బస్తీలో పలకరింపు మళ్లీ మొదలవడానికి ఏళ్లు పడుతుంది. పార్టీ ఐక్యత మీద జరిగే చర్చంతా ఆ ఫొటో దగ్గరే ముగుస్తుంది, ఈ మనిషి దాకా రాదు.

ప్రైమరీలు పెడితే అన్నీ చక్కబడతాయని నేననను. సభ్యత్వ జాబితాలే నమ్మకంగా లేని పార్టీల్లో అది మరో బోగస్ ఓటింగ్ కావచ్చు. కాని గ్రేటర్ డివిజన్ టికెట్ల వంటి చిన్నచోట మొదలుపెట్టొచ్చు. సీతాఫల్‌మండి కార్పొరేటర్ అభ్యర్థిని ఆ డివిజన్ బూత్ కమిటీలు నలుగురి ముందు చేతులెత్తి ఎంచుకుంటే ఢిల్లీకి పోయే నష్టమేమీ లేదు. కంటోన్మెంట్ సంగతి కేంద్రం తేల్చాలి. గ్రేటర్‌లో కలిపితే కలపండి, లేదంటే బోర్డు ఎన్నికలు పెట్టండి. పార్టీలకు మాత్రం ఒక్క విన్నపం: సర్వే పేరు చెప్పి టికెట్ కాదన్న ప్రతి ఆశావహుడికీ ఆ సర్వే కాగితం చేతికివ్వండి. యాభై వేలు కట్టినవాడికి ఆ మాత్రం రసీదు అడిగే హక్కుంది.